దొర తుపాకీకి ఉప్మా తూటాలు

బోడిగుట్ట ఊరికి దేవుడు పంచిన తెలివంతా ఒక్క కొంపలోనే పడిందని, మిగతా ఊరికి చారెడు కూడా దక్కలేదని వీరాచమ్మ నమ్మకం. ఆ కొంప ఆమెదే. మొగుడు కోటిలింగం, మరిది చిన్నలింగం, తను. చెప్పింది చెప్పినట్టు చేస్తారు ముగ్గురూ. వెంట్రుకవాసి అటు పోరు, ఇటు రారు.

"ఊళ్ళో ఒక్కరూ మనల్ని సలహా అడగరెందుకు వదినా?" అని చిన్నలింగం అడిగితే, "మన ముందు వాళ్ళ తెలివి ఎంతో బయటపడుతుందని సిగ్గురా అబ్బీ," అనేది.

వాళ్ళ బతుకంతా ఒక్క శనక్కాయ చేను. అదీ దొరది, కౌలుకిచ్చాడు. ఆ ఏడు అడవిపందులు చేనుకి మరిగాయి. దొర చూడ్డానికొచ్చి, పందులు తవ్విన గుంటలో కాలేసి బోర్లాపడ్డాడు. లేచి, మీసాలు దులుపుకుని, "నా తుపాకీ ఇస్తాను, తూటాలు చేసుకుని వాటి సంగతి చూడండి. సోమవారం మళ్ళీ వస్తా. చేలో ఒక్క పంది నా కంటపడిందా, చేను ఇంకొకడికిస్తా," అన్నాడు.

వీరాచమ్మ తుపాకీ అందుకుంది. "పంది దొర కంటపడకూడదు, పంది దొర కంటపడకూడదు," అని దారంతా వల్లించుకుంటూ ఇల్లు చేరింది.

ఆ తుపాకీతో ఒక తిరకాసుంది. నలుగురికీ ఉండే తుపాకీ తనకూ ఉండటం దొర తాతకి నామోషీ అట. మంచి తుపాకీ తెప్పించి, తూటా కూర్చునే చోటు తన ఇష్టమొచ్చిన కొలతకి తొలిపించుకున్నాడు. ఇక దానికి సరిపడే తూటా ఏ అంగట్లోనూ దొరకదు. తిన్నది అరక్క చేసే పనులు ఇట్లాగే ఉంటాయి. తాత పోయాడు, తిప్పలు మిగిలాయి. వేరే తుపాకీల్లో పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు తెచ్చి, కాచి, నొక్కి, దీనికి సరిపెట్టాలి. ఆ విద్య తెలిసింది మదారు సాయిబు ఒక్కడికే. ఆయనేమో కూతురి కాన్పుకని బండెక్కి కూర్చున్నాడు.

"ఇత్తడి గదా, మొరటుదనుకునేరు. చాలా లేతది. పసిబిడ్డల్లా చూసుకోండి," అన్నాడు, తన అచ్చూ మరా, గొట్టాలూ వాళ్ళ చేతికిచ్చి, బండి మీద నుంచే. "మూతికి సెగ చూపితే మెత్తబడుతుంది. ఒంటికి నూనె రాసి, అచ్చులో పెట్టి మర నొక్కండి. గట్టిగా తగిలితే ఆగండి. ఆనక చిటికెడు తుపాకీమందేసి, పైన బొంబాయి రవ్వ పోసి, మూతికి మైనం పెట్టి ఆకాశంలోకి పేల్చండి. గుండు మాత్రం వద్దు. ఆ దెబ్బకి గొట్టం ఉబ్బి తుపాకీకి సరిగ్గా అమరుతుంది. అదయ్యాక..."

ఎద్దులు కదిలాయి. అదయ్యాక ఏమిటో దుమ్ములో కలిసిపోయింది.

"చెప్పినంత చాలు," అంది వీరాచమ్మ. "చెప్పనిది చెయ్యడం తెలివితక్కువ వాళ్ళ పని."

పసిబిడ్డల్లా చూసుకోమన్నాడు, ఇంకేముంది. వీరాచమ్మ కాళ్ళు చాపుకుని గొట్టాల్ని ఒక్కొక్కటే పడుకోబెట్టి, ఆముదం పట్టించి, సున్నిపిండితో నలిచి, వేణ్ణీళ్ళు పోసింది. సెగ చూపాలి గదా, మూతులకి సాంబ్రాణి నిప్పులు పట్టింది. మళ్ళీ చేరెడు ఆముదం. ఆ పైన ఒక్కోదానికి దిష్టిచుక్క. ఉయ్యాల్లో వేసి మరిదిని ఊపమంది. ఊపుతూ ఊపుతూ వాడే నిద్రపోయాడు.

మర దగ్గర కాచుకుని కూర్చున్న కోటిలింగం, "లేచాయా?" అన్నాడు.

"లేదు."

"ఎప్పుడు లేస్తాయి?"

"ఆకలేస్తే అవే లేస్తాయి. నిద్రపోయే బిడ్డల్ని లేపుతావా, నీ చేతులు పడిపోను."

ఎంతసేపు చూసినా ఒక్కటీ ఏడవలేదు. ఇంత బుద్ధిమంతుల్ని ఎక్కడా చూడలేదని మురిసిపోయి, ఎత్తుకునే మర దగ్గరికి తీసుకొచ్చింది.

ఆముదం బొట్లు బొట్లుగా కారుతోంది. అంత జిడ్డుతో అచ్చులోకి పోతే సొట్టలు పడక ఏం చేస్తాయి? గొట్టాల మూతి కింద, భుజాల మీద జోడు సొట్టలు పడ్డాయి. "చూడండి, అచ్చం మా పెద్దన్న బుగ్గలు," అంది వీరాచమ్మ.

చివరి గొట్టం దగ్గర మర గట్టిగా తగిలింది. కోటిలింగం ఆగిపోయాడు.

"నొక్కవేం?"

"గట్టిగా తగిలితే ఆగమన్నాడు సాయిబు."

"అయితే చెయ్యి తియ్యి."

"తియ్యమనలేదే."

వీరాచమ్మ ఆలోచించింది. నిజమే, అనలేదు. అంతే, పిడి మీద వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయాడు. పెళ్ళాం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తమ్ముడు వీపు గోకాడు. ఈగొకటి ముక్కు మీద వాలి తుమ్మొచ్చింది గనక ఆ ఊపుకి పిడి దిగింది. లేకపోతే ఇవాళ్టికీ అక్కడే ఉండేవాడు.

ఇక రవ్వ. వీరాచమ్మ బాణలి పెట్టి పోపు వేసింది. ఆవాలు, మినప్పప్పు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు.

"సాయిబు ఉడికించమన్లేదు గదా వదినా?"

"పసిబిడ్డలన్నాడా లేదా? పచ్చిరవ్వ పోస్తే అరుగుతుందట్రా వాటికి?"

అదీ నిజమే. మందు మీద ఉప్మా కూరి, మైనం పెట్టి, చేలోకి పోయి ఆకాశంలోకి పేల్చారు. చేనంతా ఉప్మా వాన. గొట్టాలు మాత్రం, మూర్ఖుల చేతిలో పడినా, ఉబ్బి తుపాకీలో చక్కగా అమిరాయి. సొట్టలు కూడా పోయాయి. "పెద్దవాళ్ళయిపోయారు," అని వీరాచమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పటిదాకా పందులు చాటుమాటుగా వచ్చిపోయేవి. ఉప్మా రుచి తగిలాక పట్టపగలే, పిల్లాజెల్లాతో, చుట్టాలతో దిగాయి.

"ఇప్పుడు గుండు పెడదామా వదినా?"

"గుండు వద్దన్నాడు సాయిబు."

"అది మొదటిసారికేమో."

"మొదటిసారికని అన్నాడా?"

అనలేదు. కాబట్టి మళ్ళీ ఉప్మాయే, ఈసారి సూటిగా పందుల మీదికే. పెద్ద పంది నోరు తెరిచి అందుకుని, ఇంకొంచెం పెట్టమన్నట్టు ముందుకొచ్చింది.

సోమవారం రానే వచ్చింది. చేలో కాలు పెట్టే సందు లేదు, అన్నీ పందులే. దొర గుర్రంబండి గట్టు దగ్గర ఆగింది. పంది ఆయన కంటపడితే చేను పోయినట్టే. వీరాచమ్మ మరిది తలగుడ్డ లాగి, బండి దిగుతున్న దొర కళ్ళకి వెనక నుంచి బిగించి కట్టేసింది.

"ఎవత్తివే నువ్వు?"

"నేనే దొరా, వీరాచమ్మని. ఒక్క పందైనా మీ కంటపడుతోందా?"

"కళ్ళు కడితే ఎట్లా పడుతుందే?"

"అదే మేమూ అనుకున్నాం దొరా."

"చేలో ఆ చప్పుడేమిటి?"

"పందులు. బోలెడున్నాయి."

"కట్టు విప్పు."

"విప్పితే కంటపడతాయి, చేను పోతుంది. అవి తిని పోయేదాకా ఓపిక పట్టండి," అని గట్టు మీద కూర్చోబెట్టి, మిగిలిన ఉప్మా ఆకులో పెట్టింది. అన్నదమ్ములు చెరో చెయ్యీ పట్టుకున్నారు. బండివాడు నవ్వాపుకోలేక గుర్రం చాటుకి పోయాడు.

పందులు చివరి కాయ దాకా తవ్వుకు తిని, తేన్చి, అడవిదారి పట్టాయి. అప్పుడు కట్టు విప్పింది వీరాచమ్మ. చేలో పంది లేదు. మొక్కా లేదు.

"పంటేదే?" అన్నాడు దొర.

"పంట కంటపడాలని మీరు అనలేదు దొరా."

ఆనాడు దొర అన్నది పంది సంగతే. అన్న మాట తప్పలేక చేను వాళ్ళకే వదిలేశాడు. తుపాకీ తీసుకుని బండెక్కి పోయాడు.

చేను మిగిలింది, ఇంకేముంది, ఇంట్లో సంబరమే. మళ్ళీ బాణలి పెట్టింది వీరాచమ్మ. "ఈ పూట ఉప్మాలో శనక్కాయలు వేద్దాం. మన చేనేగా, పోయి తట్టెడు పీక్కురా," అంది మొగుడితో.

కోటిలింగం తట్ట నెత్తిన పెట్టుకుని గడప దాటబోయాడు.

"ఆగు," అని వెనక్కి పిలిచి, తలగుడ్డ తీసి అతని కళ్ళకి బిగించి కట్టింది. "దారిలో పంది కంటపడితే చేను పోతుంది. ఇప్పుడు వెళ్ళు."