వెండి పళ్లెంలో తాళంచెవులు

సముద్రపుటొడ్డున, ఉప్పుమడుల నడుమ ఉన్న ఉప్పలరేవులో వరాహమూర్తి అనే సంఘాధ్యక్షుడు ఉండేవాడు. ఎంత మంచి పనైనా పెద్దల సమక్షంలో, సన్నాయి మేళంతో జరిగితే తప్ప జరిగినట్టు కాదని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మనిషి మంచివాడే. ఉప్పు కూలీలు గట్ల మీద తాటాకు పాకల్లో తలదాచుకోవడం చూడలేక, మిత్రులను కూడగట్టి ఒక స్వచ్ఛంద గృహ సంఘం స్థాపించాడు. స్థలం సంఘం సంపాదించింది. ఇళ్లు కట్టడానికి ప్రభుత్వం నిధులిచ్చింది, దానితోపాటు ఒక షరతూ పెట్టింది. మొదటి వరుస ఇళ్లలో వానలు పడేలోగా జనం కాపురం ఉండాలి. అప్పుడే రెండో వరుసకు నిధులు వస్తాయి. లేకపోతే అవి మరో ఊరి సంఘానికి వెళ్లిపోతాయి.

ఎండలు ముదిరేసరికే మొదటి వరుస పూర్తయింది. గోడలకు సున్నం పడింది, కుళాయిల్లో నీళ్లు వచ్చాయి. అసిరమ్మ అనే ఉప్పు కూలీకి అందులో ఒక ఇల్లు కేటాయించారు. ఆమె చెల్లెలికి రెండో వరుసలో రావాలి. అక్కడ ఇంకా పునాదులే ఉన్నాయి. అసిరమ్మ రోజూ మడి నుంచి వస్తూ తన గడపకు పసుపు రాసి పోయేది. లోపలికి అడుగుపెట్టే వీలు మాత్రం లేదు. తలుపుకు తాళం ఉంది.

తాళంచెవులు మంత్రిగారి చేతుల మీదుగా అందజేయాలని వరాహమూర్తి సంకల్పం. మంత్రిగారు ఒప్పుకున్నారు. ఇంతలో శాసనసభ సమావేశాలు వచ్చాయి. ఆ తరవాత మేనకోడలి పెళ్లి, ఆ తరవాత పంటినొప్పి. వాయిదా పడ్డప్పుడల్లా పందిరి విప్పారు, మళ్లీ వేశారు. స్వాగత తోరణం మీద తేదీ ఉన్నచోట కాగితం మీద కాగితం అంటించగా అది అట్టలా తయారైంది. వరాహమూర్తికి విసుగెత్తిపోయింది. పందిరివాడిని విసుక్కున్నాడు, సన్నాయివాళ్లను విసుక్కున్నాడు, ఉక్కపోతను కూడా విడిచిపెట్టలేదు. మంత్రిగారిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

ముందు జనాన్ని ఇళ్లలోకి పంపించి, సభను తరవాత పెట్టుకుందామని కార్యదర్శి శేషగిరి ఎన్నో విధాల నచ్చజెప్పాడు.

"కాపురం ఉన్న కొంపకు ప్రారంభోత్సవం ఏమిటయ్యా? మంత్రిగారిని అంట్ల గిన్నెల మధ్య నిలబెట్టమంటావా?" అన్నాడు వరాహమూర్తి.

అంతటితో ఊరుకోలేదు. చెవులను మంత్రిగారే ఊరేగింపుగా తీసుకువస్తే మరింత శోభగా ఉంటుందని తోచింది. వాటిని వెండి పళ్లెంలో పేర్చి, పట్టుగుడ్డ కప్పి, ముందుగానే మంత్రిగారి బంగళాకు పంపించాడు. ప్రతి తాళానికీ రెండేసి చెవులున్నాయి. పళ్లెం నిండుగా కనబడాలని రెండూ అందులోనే పెట్టించాడు.

జ్యేష్ఠం గడిచింది. మబ్బులు పట్టాయి. ఒకనాటి ఈదురుగాలికి అసిరమ్మ పాక కప్పు ఎగిరిపోయింది. ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చి వరాహమూర్తి వాకిట్లో నిలబడింది.

"బాబూ, నా గుమ్మం తీయించండి. మంత్రిగారొచ్చిన్నాడు మళ్లీ బయటికొచ్చి నిలబడతాను."

"ఇన్నాళ్లు ఆగినదానివి, ఇంకొన్నాళ్లు ఆగలేవా? నీ ఒక్కదాని కోసం పద్ధతి తప్పమంటావా?" అని ఆయన కసురుకున్నాడు.

అసిరమ్మ వెనుదిరిగింది. చెల్లెలి కుటుంబాన్ని కూడా వెంటబెట్టుకుని, మంత్రిగారి కోసం వేసిన పందిట్లోకి చేరింది. తన ఇంటి ఎదుటే మూడు ఇటుకలు పెట్టి గంజి కాచుకుంది.

ఆషాఢంలో ప్రారంభోత్సవం పనికిరాదని, శ్రావణంలో చూద్దామని బంగళా నుంచి కబురు వచ్చింది. ఆ కబురు వెనకే గృహనిర్మాణ శాఖ నుంచి హైమవతి అనే అధికారిణి తనిఖీకి వచ్చింది.

వరాహమూర్తి ఆమెకు తోరణం చూపించాడు. మంత్రిగారి పేరు చెక్కిన పాలరాతి ఫలకం చూపించాడు. ఆమె అంతా ఓపికగా చూసి, పందిట్లో పొగ వస్తున్న వైపు తిరిగింది.

"ఇవన్నీ బాగున్నాయండీ. కాని ఇళ్లలో పొయ్యి వెలిగిందా లేదా అన్నదే నేను చూడవలసింది. ఒక్క తలుపైనా తెరిపించండి."

వరాహమూర్తి శేషగిరి వైపు చూశాడు. శేషగిరి బంగళాకు ఫోను చేస్తే, మంత్రిగారు ఢిల్లీలో ఉన్నారని, వారు చెప్పనిదే పళ్లెం కదిలించేది లేదని జవాబు వచ్చింది.

"మా గుమ్మాలకి తాళాలేసి, చెవులు మంత్రిగారి కాడెట్టేరేటి బాబూ?" అంది అసిరమ్మ, గంజి కలుపుతూనే.

గడువు దాటిపోయిందని, తాను చూసినదే రాయక తప్పదని చెప్పి హైమవతి వెళ్లిపోయింది. రెండో వరుస నిధులు మరో ఊరికి పోయాయి.

ఆ కబురు తెలిసిన రోజున వరాహమూర్తి పునాదుల దగ్గరికి వెళ్లాడు. వాటిలో వాననీళ్లు నిండి, కప్పలు అరుస్తున్నాయి. విసుక్కోవడానికి ఆయనకు ఇంకెవరూ మిగలలేదు. ఒక రాయి చేతిలోకి తీసుకుని, అసిరమ్మ తలుపు తాళాన్ని తానే పగలగొట్టాడు. తరవాత పక్క ఇంటిది, ఆ పక్క ఇంటిది.

ఆషాఢంలో గృహప్రవేశమా అని ఎవరో గొణిగారు. "ఆషాడమని వాన ఆగతాదా?" అంటూ అసిరమ్మ లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. పాలు పొంగాయి. ఆమె వెనకాలే చెల్లెలూ, మరిదీ, వాళ్ల పిల్లలూ మూటలతో లోపలికి నడిచారు. ఒక కుటుంబానికి కట్టిన ఇంట్లో రెండు కుటుంబాలు సర్దుకున్నాయి. పాలగ్లాసు మొదట వరాహమూర్తికే అందించింది అసిరమ్మ. ఆయన దాన్ని అందుకుని, ఆమె చెల్లెలి పిల్లల చేతికిచ్చాడు.

శ్రావణంలో వెండి పళ్లెం తిరిగి వచ్చింది. పట్టుగుడ్డ మడత నలగలేదు. అందులోని చెవులు పట్టే తాళం మాత్రం అప్పటికి ఒక్కటీ మిగలలేదు.

నీతి: అవసరంలో ఉన్నవారికి అందవలసిన మేలును మన గౌరవం కోసం ఆపి ఉంచితే, మేలు చేజారిపోతుంది, గౌరవమూ దక్కదు.