నాంచారమ్మకు పోయని నీళ్లు

ఊఁ కొడుతూ వినండర్రా. ఈ కథ చెప్పాలంటే నాకే సిగ్గేస్తుంది, అయినా చెప్పి తీరాలి.

ఎప్పటి మాటో. నల్లరేగడి చేల మధ్య ఓ పల్లె. గుడి లేదు, బడి లేదు. తాటాకు పందిరి కింద ఏడిళ్లవాళ్లు జపం చెప్పుకునేవారు. ఫాదర్‌గారు ఏడాదికి మూడుసార్లు ఎద్దుబండి మీద వచ్చి పూజ చేసి పోయేవారు. మిగతా రోజుల్లో అంతా ఉపదేశి రాయప్పే. జపాలు నేర్పేది ఆయనే, జ్ఞానస్నానానికి ఎవరు తగుదురో తేల్చేదీ ఆయనే. ఒక్క తప్పు లేకుండా అప్పజెబితేనే సరేననేవాడు. అబ్బో, ఆ దర్జా చూడాలి!

ఆ ఊళ్లో నాంచారమ్మని, మట్టి తొక్కే ముసలామె. గుడికి గోడలు లేపుదామన్నారు. మోకాళ్లదాకా దిగి మట్టి తొక్కింది. గోడలు లేచాక రాయప్ప దగ్గరికొచ్చింది.

"అయ్యా, ఈసారి ఫాదర్‌గారొస్తే నాక్కూడా జ్ఞానస్నానం నీళ్లు పోయించండయ్యా."

"విశ్వాస సంగ్రహం జపం చెప్పు."

సగందాకా చెప్పి ఆగిపోయింది.

"మళ్లీ మొదట్నించి నేర్చుకుని రా, ఫో."

బడి కడదామన్నారు. తొక్కింది. వచ్చి అడిగింది. అక్కడే ఆగింది. "మళ్లీ మొదట్నించి నేర్చుకుని రా, ఫో."

ఫాదర్‌గారికి ఇల్లు కడదామన్నారు. తొక్కింది. అడిగింది. అక్కడే ఆగింది. "మట్టిబుర్రకి జపం ఎక్కుద్దా?" అని జనం నవ్వారు. రాయప్పా నవ్వాడు.

ఆ ఏడు వానల్లో ఆమెకి జ్వరం తగిలి ప్రాణం మీదికొచ్చింది. రాయప్ప చెంబుడు నీళ్లతో పరిగెత్తాడు. చావుబతుకుల్లో ఉన్న మనిషికి ఫాదర్‌గారు లేకపోయినా ఎవరైనా నీళ్లు పోయొచ్చు. రాయప్పకి ఆ సంగతి తెలుసు. తెలిసే వెళ్లాడు.

"పొయ్యయ్యా," అంది నాంచారమ్మ.

పాడు అలవాటు! నోరు ఊరుకుందా? "ముందు జపం చెప్పు," అన్నాడు.

చెప్పింది. ఎప్పుడూ ఆగే చోటు దాటేసింది. రాయప్ప ముఖం వెలిగిపోయింది. ఇంకో రెండు మాటలున్నాయనగా ఊపిరి ఆగిపోయింది. చెంబు చేతిలోనే ఉంది.

కబురందుకుని మర్నాడు ఫాదర్‌గారొచ్చారు.

"నీళ్లు పోశావా రాయప్పా?"

"లేదు స్వామీ."

"వేళకి చేరలేకపోయావా?"

"చేరాను స్వామీ. జపం అడిగాను."

"ఆమె మనసారా కోరుకుంది. దేవుడికి అది చాలు. నీకే చాల్లేదు," అన్నారు ఫాదర్‌గారు. గుడి పక్కనే సమాధి చేయించారు.

ఆదివారం గుడిలో రాయప్ప అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎటు చూసినా ఆమె తొక్కిన మట్టి గోడలే. తలెక్కడ పెట్టుకుంటాడు? నవ్విన జనమూ తలలెత్తలేదు.

తర్వాత ఆ గుడి రాతి గుడైంది, ఊరు ఫాదర్‌గారు ఎప్పుడూ ఉండే పెద్ద విచారణైంది, బడి వందల పిల్లలతో నిండింది. ఇప్పటికీ ఆ బడిలో ఏ పిల్లయినా అప్పజెబుతూ మధ్యలో ఆగితే, పంతులు పక్కన చతికిలబడి మిగతాది తనూ కలిసి చెబుతాడు. రాయప్ప నేర్పిన పద్ధతది. మంచి బడి అని పొరుగూళ్లవాళ్లు మెచ్చుకుంటారు. మా ఊరివాళ్లం మాత్రం ఆ మెప్పు వినలేక తల దించుకుంటాం.