ర్యాలీలో వరస తప్పిన లూర్దమ్మ

ఫాదర్ బాలశౌరిగారు కూర్చున్న చోట నుంచి ఏ ప్రశ్నకూ జవాబు చెప్పేవారు కాదు. ఎవరైనా ఏమైనా అడిగితే చెప్పులు తొడుక్కుని, "పద, అలా వెళ్లొద్దాం" అనేవారు. తానూ ఫాదర్ కావడానికి ఆయన దగ్గర శిక్షణ పొందుతున్న బ్రదర్ చిన్నప్పకు ఆ అలవాటు తెలుసు. అయినా ఆ రోజు అడగక తప్పలేదు.

గర్భంలోని బిడ్డల ప్రాణాలు కాపాడాలంటూ రెండు నెలల కిందట పట్టణంలో పెద్ద ర్యాలీ జరిగింది. తమ చర్చి నుంచి వెళ్లినవాళ్లను నడిపించింది చిన్నప్పే. ఇప్పుడు పైనుంచి నివేదిక అడిగారు. ఏ దారిన నడిచారో, ఏ నినాదాలు ఇచ్చారో అన్నీ రాశాడు. 'ఫలితం' అన్న చోట కలం కదలలేదు.

"ఫాదర్, అంతమందిమి ఎండలో నడిచాం. దానివల్ల ఒక్క బిడ్డయినా బతికిందా? లేకపోతే మన తృప్తి కోసం మనం నడిచామా?"

ఫాదర్‌గారు చెప్పులు తొడుక్కున్నారు. "లూర్దమ్మను చూసొద్దాం, పద."

చిన్నప్ప మొహం ముడుచుకుంది. ర్యాలీలో సగం దారిలో వరస తప్పి మాయమైన ముసలావిడ లూర్దమ్మ. ఆమెకోసం గంటసేపు వీధులన్నీ తిరిగి, చివరికి బస్సు దగ్గర కనబడితే అందరి ముందూ కసిరాడు. ఆమె తలొంచుకుని బస్సెక్కింది.

ఇద్దరూ బస్సెక్కి పట్టణంలో దిగారు. ఒక ఇరుకు గదిలో లూర్దమ్మ ఇద్దరు ఆడపిల్లలకు అన్నం తినిపిస్తోంది. మిషన్ మీద జాకెట్ కుడుతున్న వాళ్ల తల్లి నాగవేణి లేచి నిలబడింది. ఆమెకు ఐదో నెల.

"ఆ ర్యాలీ రోజు సంగతి ఈ బ్రదర్‌కు చెప్తావా అమ్మా? నీకిష్టమైతేనే" అన్నారు ఫాదర్‌గారు.

నాగవేణి తలూపి మొదలుపెట్టింది. "ఆ రోజు కడుపు తీయించుకుందామని ఆటోలో ఆసుపత్రికి బయల్దేరానండీ. మా ఆయన చెన్నై పనికెళ్లి ఫోనెత్తడం మానేశాడు. ఈ ఇద్దరితోనే ఊపిరాడటం లేదు. మీ ర్యాలీ అడ్డమొచ్చి ఆటో ఆగిపోయింది. ఆ బోర్డులు చూస్తే ఒళ్లు మండిపోయింది. నన్నే తిడుతున్నట్టనిపించింది. ఇంతలో ఈ పెద్దమ్మ వచ్చి, కాళ్లు మండిపోతున్నాయి, కాసేపు కూర్చోనా అమ్మాయ్ అంది. నా మొహం చూసి, పొద్దున్న ఏమన్నా తిన్నావా అనడిగింది. అంతే, ఏడుపు ఆగలేదు."

"ఏం బోధించింది?" అన్నాడు చిన్నప్ప.

"ఏమీ లేదండీ. పిల్లల్ని నేను చూసుకుంటాలే, రేపొస్తా అంది. వచ్చింది. రోజూ వస్తోంది."

"ర్యాలీ అడ్డురాకపోయి ఉంటే?"

"వెళ్లిపోయేదాన్ని."

"ఈవిడ ఆటో ఎక్కకపోయి ఉంటే?"

"అప్పుడూ వెళ్లిపోయేదాన్ని. ఆ బోర్డుల మీద కోపంతోనైనా వెళ్లేదాన్ని." నాగవేణి మిషన్ మీది జాకెట్ వంక చూసింది. "ఇప్పుడు మాత్రం భయం పోయిందనుకోకండి. ఒకరోజు మంచిపనే చేశాననిపిస్తుంది. ఒకరోజు ఏమీ తెలియదు."

చిన్నప్ప లూర్దమ్మ వైపు తిరిగాడు. క్షమించమని అడగబోయేలోపే ఆమె చిన్నపిల్లను ఎత్తి అతని చేతుల్లో పెట్టి, "ముద్ద మింగడం లేదు బ్రదరూ, కాస్త అటూ ఇటూ తిప్పండి" అంది. అతను వాకిట్లో పిల్లను తిప్పుతూ చాలాసేపు ఉండిపోయాడు.

తిరిగి వస్తుంటే అతనికి వచ్చినప్పటికన్నా ఎక్కువ అయోమయంగా ఉంది. బస్టాండు దగ్గర ఇక ఉండలేక అడిగాడు. "ఫలితం అన్న చోట ఏం రాయమంటారు ఫాదర్? మనం నడిచినందుకు మేలు జరిగిందా, ఆవిడ నడక ఆపినందుకా?"

ఫాదర్‌గారు వస్తున్న బస్సు కేసి చూస్తూ అన్నారు. "వచ్చే ఏడాది ర్యాలీకి లూర్దమ్మను తప్పకుండా తీసుకెళ్లు. ఎక్కడైనా ఆగిపోతే, ఆగిపోనీ."