ఏరు దాటించిన మరిడమ్మ

అనగా అనగా, గోదారి మీద వంతెన అన్న మాటే పుట్టని కాలంలో, ఏటి నడుమ ఒక లంక. ఆ లంకలో మరిడమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తాటాకు గుడిసె, ఒక మేక, తన రెండు చేతులు, అంతే ఆవిడ ఆస్తి. లంకలో ఎవరికి నొప్పులొచ్చినా ఆవిడకే కబురు. ఆవిడ గడప తొక్కగానే, "మరిడమ్మ చెయ్యి పడింది, ఇక భయం లేదు" అనుకునేవారు. తల్లులు పుట్టింది ఆ చేతుల్లోనే, వాళ్ళ బిడ్డలు పుట్టిందీ ఆ చేతుల్లోనే.

అలా ఉండగా అవతలి ఒడ్డున తెల్లటి ఆసుపత్రి ఒకటి లేచింది. అందులోకి ఒక డాక్టరమ్మ వచ్చింది. లంకవాళ్ళకి ఆ భవనం అంటే హడలు.

"అక్కడ కడుపు కోస్తారంట" అందొకావిడ.

"కోసి బిడ్డని తీస్తారంట" అందింకొకావిడ.

"కోసిన కడుపుతో మనిషి బతుకుద్దా!" అంది మూడో ఆవిడ.

మరిడమ్మ కూడా నవ్వేసేది. "నా చేతులుండగా మీకు కత్తితో ఏం పనే?" అనేది.

ఒక వానాకాలం, గోదారి ఎర్రగా పొంగుతున్న రోజుల్లో, అచ్చియ్యమ్మ కోడలు గంగాలుకి నొప్పులొచ్చాయి. తొలిచూలు. మరిడమ్మ కడుపు తడిమి చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది. ఆముదం రాసి, మెల్లమెల్లగా సర్ది, తల కిందికి తిప్పింది. బిడ్డ మళ్ళీ అడ్డం తిరిగింది. రెండోసారి తిప్పింది. మళ్ళీ అడ్డం తిరిగింది. మూడోసారి తిప్పింది. మళ్ళీ అంతే. గంగాలు పెదాలు పాలిపోయాయి.

మరిడమ్మ కడుపు మీంచి చేతులు తీసేసింది.

"అచ్చియ్యమ్మా, ఇది నా చేతిలో లేదు. ఏరు దాటిద్దాం."

"ఆ కత్తుల కొంపకా? నా కోడల్నా? ఏం మాటలే అవి, మరిడీ!"

"ఇక్కడే ఉంచితే రెండు ప్రాణాలూ పోతాయి. నా పేరు నిలబెట్టుకోడానికి ఈ పిల్లని చంపుకోమంటావా?"

అచ్చియ్యమ్మ చెంగు నోట్లో కుక్కుకుని, తలుపుకి అడ్డం తప్పుకుంది.

రేవులో పడవ నడిపే పోతురాజు నీళ్ళకేసి చూసి జంకాడు. "ఈ వరదలో పడవ తిరగబడుద్ది, పిన్నమ్మా."

"నిన్ను ఈ లోకంలోకి లాగింది నేనేరా. గెడకర్ర అందుకో."

పోతురాజు గెడ అందుకున్నాడు. మరిడమ్మ గంగాలు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కెరటం లేచినప్పుడల్లా, "నేనున్నానే తల్లీ, నేనున్నాను" అంటూ ఒడ్డుదాకా తీసుకుపోయింది.

డాక్టరమ్మ చెయ్యి వేసి చూసింది. "ఎవరు తెచ్చారీమెను?"

"నేనేనమ్మా, మంత్రసానిని. మూడుసార్లు తిప్పాను. నిలవలేదు." తిట్లు తినడానికి మరిడమ్మ తల వంచుకుంది.

"మంచి పని చేశావు. ఇంకాస్త ఆగితే నేనూ ఏం చెయ్యలేకపోదును" అంది డాక్టరమ్మ.

గంగాలు మరిడమ్మ చెయ్యి వదల్లేదు. "సరే, నువ్వూ లోపలికి రా. మోచేతులదాకా సబ్బుతో కడుక్కో" అంది డాక్టరమ్మ.

మరిడమ్మ ఎన్ని పురుళ్ళు పోసిందో! కానీ ఇలాంటిది చూడలేదు. మత్తుమందుకి గంగాలు పసిపిల్లలా నిద్రపోయింది. కత్తి ఒక్క గీత గీసింది. దారే లేనిచోట దారి తెరుచుకుంది. ఆ దారిలోంచి బిడ్డ పైకి వచ్చింది. మరిడమ్మకి ఒళ్ళంతా జలదరించింది.

బిడ్డ ఏడవలేదు. డాక్టరమ్మ చేతులు తల్లి నెత్తుటిని ఆపే పనిలో ఉన్నాయి. "అమ్మా, బిడ్డని చూడు!" అని కేక వేసింది. మరిడమ్మ బిడ్డని అందుకుంది. నోరు తుడిచింది. వీపు రుద్దింది. అరికాళ్ళు తట్టింది. బిడ్డ కేరుమంది.

మరిడమ్మ వంగి డాక్టరమ్మ కాళ్ళకి దండం పెట్టబోయింది. డాక్టరమ్మ ఆ రెండు చేతులూ పట్టుకుని లేపింది.

"అనుమానం తోస్తే ఆలస్యం చెయ్యకుండా తీసుకురా. తక్కినవి నీ చేతుల్లోనే కానియ్యి."

"తెస్తానమ్మా. కానీ నా పిల్లల్ని ఒంటరిగా పంపను. వెంట నేనూ వస్తాను."

కొన్నాళ్ళకి గంగాలు బిడ్డతో పడవ దిగి, తన కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చింది. లంకంతా రేవుకి వచ్చి చూసింది. ఆ తరవాత ఇంట్లో అయ్యే పురుడు ఇంట్లోనే అయింది, కానిది ఏరు దాటింది. పడవ కదిలేముందు ప్రతి తల్లీ, "మరిడమ్మ ఎక్కిందా?" అని అడిగేది. "ఎక్కానే, పోనియ్యండి" అనేది ఆవిడ.

ఏళ్ళు గడిచాయి. మరిడమ్మ నడుం వంగింది, చూపు ఆనడం మానేసింది. ఒక మధ్యాహ్నం నొప్పులు పడుతున్న ఒక పిల్లని పడవలో తీసుకెళ్ళింది. ఒడ్డు చేరగానే ఆ పిల్లని నలుగురు ఆసుపత్రికి ఎత్తుకుపోయారు. మరిడమ్మ కూర్చున్నచోటే కూర్చుని ఉంది.

"పిన్నమ్మా, దిగు" అన్నాడు పోతురాజు. పలకలేదు. "పిన్నమ్మా!" అన్నాడు. పలకలేదు. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్ళు చల్లబడి చాలాసేపయింది.

ఆ పిల్ల క్షేమంగా కన్నది. సంగతి చెబితే నమ్మలేదు. "అదేంటి? పడవ ఒడ్డుకి తగిలేదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉందిగా!" అంది.

ఇప్పుడు గోదారికి వంతెన ఉంది. లంకలోకి అంబులెన్సు వస్తుంది. అయినా నొప్పులొచ్చిన పిల్లని ఎక్కించాక, తలవైపు ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీగా వదులుతారు. తలుపు వేసేముందు బయటినుంచి ఎవరో ఒకరు అడుగుతారు, "మరిడమ్మ ఎక్కిందా?" అని.

"ఎక్కింది, పోనియ్యండి" అంటారు లోపలివాళ్ళు.

అప్పుడే బండి కదులుతుంది.