వరద తీసిన ఇల్లు

దీవెనమ్మకు ప్రార్థనంటే ప్రాణం. గోదావరి గౌతమి పాయ మధ్యనున్న ఆ చిన్న లంకలో స్త్రీల కూడికకు పాట ఎత్తుకోవాలన్నా, జబ్బుపడినవాళ్ల తల మీద చెయ్యివేసి రెండు మాటలు పలకాలన్నా ఆమే. అలాంటి మనిషి, వరద తీశాక ఆ నెల మొదటి ఆదివారం, ఎవరికి వారు పరీక్షించుకుని తినవలసిన ప్రభువు బల్ల రొట్టె పళ్లెం తన ముందుకు వస్తే తల అడ్డంగా ఊపి పక్కామెకు అందించేసింది.

అది గమనించింది సలోమమ్మగారు ఒక్కరే.

సలోమమ్మగారు బైబిలమ్మ. నలభై ఏళ్లుగా గుడ్డసంచీ భుజాన వేసుకుని, లంకలన్నీ పడవల మీద తిరిగి వాక్యం చెప్పిన మనిషి. దీవెనమ్మ చేత అక్షరాలు దిద్దించిందీ, మోకరించడం నేర్పిందీ ఆవిడే. ఇప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్లు ఎప్పుడూ వాచే ఉంటాయి. అయినా ఎవరింటికైనా వస్తానన్నారంటే వచ్చి తీరతారు.

ఆరాధన అయ్యాక చర్చి వెనక పంపు దగ్గర దీవెనమ్మను పట్టుకున్నారు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్లు బాగానే ఉందండి. లోపలే..."

వరద వచ్చిన రోజు సంగతి అప్పుడు బయటపెట్టింది దీవెనమ్మ. ఇంట్లోకి మోకాటిలోతు నీళ్లు వచ్చేశాయి. గుమ్మంలో పడవ ఆగి ఉంది. అత్తగారు సుందరమ్మ మాత్రం మంచం పట్టె పట్టుకుని, ఈ ఇల్లొదిలి రానంటే రానని కూర్చుంది. "ఉంటే ఉండు, చస్తే చావు!" అని అరిచింది దీవెనమ్మ. ఆ మాటకు ముసలామె నోరెత్తకుండా లేచి పడవెక్కింది. మళ్లీ కోడలితో మాట్లాడలేదు. గట్టు మీద బడిలో అందరూ తలదాచుకున్న చోట, తొమ్మిదోనాడు జ్వరంతో పోయింది. పడవలో సామాను సర్దుతున్న భర్త ఏసుపాదం చెవిన ఆ మాట పడలేదు. అతనికి చెప్పే ధైర్యం ఆమెకు రాలేదు.

"రోజూ ప్రభువుని పిలుస్తూనే ఉన్నానండి. నాలోకి రా తండ్రీ అంటాను. అనగానే, ఆ మాటన్న నోరూ ఇదే కదా అనిపిస్తుంది. ఇలాంటి చోటికి ఆయనెలా వస్తాడు? ముందు నేను బాగుపడాలి. అప్పుడు పిలుస్తాను."

సలోమమ్మగారు పంపు కొట్టి కాళ్లు కడుక్కున్నారు.

"గురువారం మీ ఇంటికి వస్తాను. నీ చేతి గంజి తాగి చాలా రోజులైంది."

"ఇప్పుడు వద్దండీ! మేం తిరిగొచ్చి రెండు రోజులే అయింది. ఇల్లు ఇల్లులా లేదు."

"నన్ను రావద్దంటున్నావా?"

"అయ్యో, ఎంత మాట! రండి."

గురువారం దాకా దీవెనమ్మ వంచిన నడుం ఎత్తలేదు. పారతో ఒండ్రు ఎత్తి దొడ్లో పోసింది. బిందెలు బిందెలు నీళ్లు కొట్టింది. నేల ఆరినట్టే ఆరి, తెల్లారేసరికి మళ్లీ బురద ఊరేది. గోడల మీద ఛాతీ ఎత్తున పడిన వరద గీత ఎంత తోమినా పోలేదు.

సలోమమ్మగారు చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు. ఉతికిన తెల్లచీర, చేతిలో కర్ర.

"ఒక్క నిమిషం అమ్మగారూ, అక్కడే ఉండండి! కాళ్లు పాడవుతాయి."

ఆ ఒక్క నిమిషం అరగంటైంది. బయట ఎండ మాడుస్తోంది. మెట్టు మీద నిలబడ్డ ఆవిడ బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నారు. అది దీవెనమ్మకు కనబడుతూనే ఉంది. కనబడేకొద్దీ చెయ్యి తొందరపడింది, తొందరపడేకొద్దీ బురద ఇల్లంతా పాకింది.

"దీవెనా," అన్నారు ఆవిడ మెల్లగా, "నేను వచ్చింది గంజికా, తనిఖీకా?"

దీవెనమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

సలోమమ్మగారు చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గోడ పట్టుకుంటూ బురదలోకి అడుగుపెట్టారు. తన కోసం తుడిచిపెట్టిన కుర్చీ వైపు చూడలేదు. ఇంట్లో ఇంకా పార పడని మూల ఒకటే మిగిలింది. అక్కడ సుందరమ్మ మంచం ఉంది. నులక కుళ్లి, మంచం కోళ్లకు ఒండ్రు గడ్డకట్టి ఉంది. ఇన్ని రోజుల్లో దీవెనమ్మ దాని దరికి పోలేదు.

"అక్కడ కాదండి అమ్మగారూ..."

ఆవిడ ఆ మంచం పట్టె మీదే కూర్చున్నారు. "గంజి తెస్తావా?"

తెచ్చింది. ఆవిడ ఊదుకుంటూ తాగారు.

"సుందరమ్మ గంజిలోకి ఏం నంజుకునేది?"

"ఉప్పు మిరపకాయండి. నేనే వేయించి..." దీవెనమ్మ బురదలోనే కూలబడి, ఆవిడ ఒళ్లో తల పెట్టి, "అత్తా, అత్తా" అంటూ ఏడ్చింది. సలోమమ్మగారు ఊరుకోమనలేదు. తల మీద చెయ్యి వేసి ఉంచారంతే.

చాలాసేపటికి, "ఆ చెంబు ఇటివ్వు. కోళ్లు నేను కడుగుతాను, పట్టెలు నువ్వు రుద్దు" అన్నారు.

ఇద్దరూ కలిసి మంచం కడుగుతుండగా ఏసుపాదం వచ్చి గుమ్మంలో ఆగాడు. దీవెనమ్మ లేచి, చేతులైనా తుడుచుకోకుండా, ఆ రోజు మీ అమ్మను ఇలా అన్నానని ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను ఆ మంచం కేసి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత పార అందుకుని ఆ మూల ఒండ్రు ఎత్తడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుంటే రేవులోంచి పడవవాడి కేక వినిపించింది. దీవెనమ్మ ఆవిడను చెయ్యిపట్టి తీసుకెళ్లి పడవలో కూర్చోబెట్టింది. తెల్లచీర మోకాళ్ల దాకా మట్టిరంగుకు తిరిగింది.

"ఇల్లు సగం కూడా బాగుపడలేదండి. అప్పుడే వెళ్లిపోతున్నారు" అంది దీవెనమ్మ.

"నేనైతే వెళ్తున్నానమ్మా," అన్నారు సలోమమ్మగారు. "నువ్వు పిలిచిన ఆయన వెళ్లడం లేదు."