రెండు పోగుల దారం

నాలుగేళ్ల కష్టం అనంతంలో కలిసిపోయేలా ఉందని హైమవతికి అర్థమైపోయింది. మర్నాడు థీసిస్ కమిటీ ముందు నిలబడాలి. అక్కడ లెక్క తేలకపోతే డాక్టరేటు మాట మరిచిపోవాల్సిందే.

కణాలు ఢీకొన్నాక ఒకే ఒక్క కణం బయటికి వచ్చే అవకాశం ఎంత? అదీ ఆమె లెక్క. కణానికి కాస్త ద్రవ్యరాశి ఉన్నంతసేపూ అది బుద్ధిగా నడిచేది. ద్రవ్యరాశి తగ్గించేకొద్దీ జవాబు కిందికి జారేది. నిజానికి ఆ కణానికి ద్రవ్యరాశే లేదు, సున్నా చేస్తే అంతులేని పాతాళమే. అవకాశం సున్నాకి దిగువన ఎక్కడైనా ఉంటుందా?

చివరికి ఓ కక్కుర్తి పని చేసింది. చిటికెడు ద్రవ్యరాశి గుట్టుగా లోపల పెట్టి, లెక్క కుదిరిందనిపించి, తన గైడు వీరభద్రం మాస్టారి గదికి వెళ్లింది.

మాస్టారిది చీరాల దగ్గర నేతవారి ఇల్లు. ఆయన సొరుగులో కలాలకన్నా దారపు ఉండలే ఎక్కువ. కాగితాలకు పిన్ను గుచ్చితే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది, దేన్నైనా దారంతో కట్టాల్సిందే. ఆమె లెక్కల పుస్తకం తిరగేస్తుంటే ఆ చిటికెడు దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇదెందుకమ్మా?"

"తీసేస్తే అనంతం వస్తోంది మాస్టారూ." హైమవతి తల దించుకుంది.

"ఆ కణమే దారిలో రెండుగా చీలి, రెండూ ఒకే దిక్కుకి పోతేనో?"

"అది ఇదిగో, ఈ రెండో పుస్తకంలో చేశానండి. అక్కడ జవాబు పైకి పోతోంది, అదీ అనంతమే. అయినా ఒకటి వచ్చిన లెక్కలో రెండు వచ్చిన లెక్క ఎలా కలుపుతానండి?"

 మాస్టారు సొరుగులోంచి బారెడు దారం తీసుకుని వరండా చివరిదాకా నడిచి, రెండు చేతుల మధ్య సాగదీసి పట్టుకున్నారు.

"ఎన్నమ్మాయ్?"

"ఒకటండి."

తిరిగొచ్చి ఆమె చేతిలో పెట్టారు. గోటితో తిప్పితే పురి విడింది. రెండు పోగులు.

ఆయన రెండు పుస్తకాలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి, ఆ దారంతోనే కట్టి ఇచ్చేసి, బస్సు వేళయిందని గొడుగు తీసుకున్నారు.

ఒకే దిక్కుకి పోయే రెండు కణాలు కూడా దూరాన ఉన్న కొలిచే పరికరానికి ఒకటిగానే కనిపిస్తాయి కదా! హైమవతి చిటికెడు తీసేసింది. రెండు లెక్కలూ వరసవరసకీ కలిపింది. కిందికి జారిన అనంతాన్ని పైకి లేచిన అనంతం మింగేసింది. చివరికి ఓ చిన్న సంఖ్య మిగిలింది. నవ్వొచ్చింది, వెంటనే కళ్లు నిండాయి. ఒక్క ముక్క చెప్పకుండా ఎంత చెప్పాడు మహానుభావుడు!

మర్నాడు కమిటీలో పెద్దాయన ఒకరు కళ్లజోడు సవరించుకున్నారు. "ఒకటి వేరు, రెండు వేరు కదమ్మా. ఏ ధైర్యంతో కలిపావు?"

హైమవతి పుస్తకాల కట్టు విప్పింది. ఆ దారం పట్టుకుని హాలు చివర తలుపుదాకా నడిచి, సాగదీసింది.

"ఎన్నండీ?"

"ఒకటే."

వెనక వరసలో వీరభద్రం మాస్టారు, తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. హైమవతి దారం పట్టుకుని పెద్దాయన దగ్గరికి నడిచింది.