నీళ్ళు తాగిన పడవ

అనగనగా ఒక మడ అడవి. మామూలు అడవిలో చెట్ల వేళ్ళు మట్టిలో దాక్కుంటాయి కదా, ఈ అడవిలో అవి బయటికొచ్చి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంటాయి. గోదారి వెళ్ళి సముద్రంలో కలిసే చోటు అది. పోటు వచ్చిందంటే సముద్రం అడవిలోకి ఎక్కి వస్తుంది. పాటు వచ్చిందంటే ఏరంతా సముద్రం వైపు లాక్కుపోతుంది.

ఆ అడవిలో గంగాలు అనే నీటికుక్క ఉండేది. పేరులో కుక్క అని ఉందే గానీ అది మొరగదు, ఇళ్ళు కాపలా కాయదు. చేపతో సమానంగా ఈదుతుంది. ఒక్కచోట కుదురుగా కూర్చోవడం మాత్రం దానికి చేతకాదు.

గంగాలుకి ప్రాణస్నేహితురాలు బొండుమల్లి అనే కుందేలు. ఆ బొండుమల్లికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది ఏటికి అవతల ఉన్న లంక. "పెళ్ళి మా ఇంటి దగ్గరే, మీరే తరలి రండి" అన్నారు మగపెళ్ళివారు. అక్కడొచ్చింది చిక్కు. కుందేళ్ళకి ఈత రాదు.

"నాన్న అన్నం సరిగ్గా తినడం లేదే గంగాలూ. ఏరు దాటేది ఎలా అని ఒకటే దిగులు" అంది బొండుమల్లి.

"దిగులెందుకూ? నీ పెళ్ళికి పడవ నేను పెడతాను" అంది గంగాలు.

"నీకు పడవెక్కడిదే?"

"ఉంది. అది పడవని ఇంకా దానికే తెలీదు."

నిజమే. ఎప్పుడో తుఫానుకి ఒక చిన్న తెరచాప పడవ కొట్టుకొచ్చి మడ వేళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. గట్టు మీద బోర్లా పడి, ఎండలకి ఎండి, వీపంతా గుల్లలు పట్టి ఉంది. గంగాలు ఆ సాయంత్రమే పని మొదలుపెట్టింది.

ముందు ఆల్చిప్ప తీసుకుని గుల్లలన్నీ గీకేసింది. గీకుతుంటే ఒకచోట చెక్క నానిన అటుకుల్లా మెత్తగా తగిలింది. దాన్ని ఊడబెరికి, ఏట్లో కొట్టుకొచ్చిన గట్టి చెక్క ఒకటి కొలిచి, కొరికి, సరిపెట్టి బిగించింది. తరవాత తెరచాప విప్పింది. చాప కంటే చిల్లులే ఎక్కువ ఉన్నాయి. గోనె ముక్కలు ఏరుకొచ్చి, పాత వల దారంతో అతుకులేయడానికి కూర్చుంది. అంత కుదురుగా అది కూర్చోవడం అడవిలో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

పక్కనే కొమ్మ మీద సింహాద్రి అనే బావురుపిల్లి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. దానికి పనీపాటా తక్కువ, నోరు ఎక్కువ.

"ఏమే గంగాలూ, తెరచాప కుడుతున్నావా, బొంత కుడుతున్నావా?" అంది సింహాద్రి.

"బొంతే బావా. నీ నోటికి కప్పుదామని" అంది గంగాలు, దారం కొరుకుతూ.

ఇక మిగిలింది చెక్కల మధ్య సందులు. ఆ పని గంగాలుకి తెలీదు. పడవల మధ్యే పుట్టి పెరిగిన ముసలి తాబేలు నూకాలు మామ్మ దగ్గరికి పరిగెత్తింది.

మామ్మ నెమ్మదిగా వచ్చింది. పడవ చుట్టూ ఇంకా నెమ్మదిగా తిరిగింది. గంగాలు ఈలోపు నాలుగుసార్లు నీళ్ళలో దూకి బయటికొచ్చింది.

"సందుల్లో కొబ్బరి పీచు పెట్టు. పైన నూనెలో కాచిన గుగ్గిలం పూయి. కానీ పీచు కూరకు. వేలితో నొక్కితే ఎంత వెళుతుందో అంతే పెట్టు. మిగిలిన చోటు చెక్కకి ఉంచాలి" అంది మామ్మ.

"చెక్కకి చోటెందుకు మామ్మా?"

"ఎండిన చెక్క ముడుచుకుపోయి ఉంటుందే పిల్లా. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది. ఈ చెక్కా ఆ చెక్కా ఉబ్బి కౌగిలించుకున్నాయంటే మధ్యలో చీమ కూడా దూరదు. అందుకని సందులు పూర్తవగానే పడవలో రాళ్ళేసి ఏట్లో ముంచెయ్. ఒక పగలూ ఒక రాత్రీ తాగనీ. ముందు కారుతుంది. కారితే కారనీ, కంగారు పడకు."

"ముంచాలా? ఇంత కష్టపడి బాగుచేసి?"

"ముంచాలి" అని మామ్మ వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది.

గంగాలు మామ్మ చెప్పినట్టే పీచు పెట్టింది, గుగ్గిలం పూసింది. కానీ ముంచడానికి దానికి చేతులు రాలేదు. "ఒక్కసారి తేల్చి చూద్దాం. ముంచడం ఎటూ ఉంది కదా" అనుకుని పడవని నీళ్ళలోకి తోసింది.

పడవ దిగిందని తెలిసి అడవి అడవంతా గట్టు మీదికి వచ్చింది. కుందేళ్ళన్నీ వచ్చాయి. పెళ్ళికూతురి తండ్రి గవరయ్య ముందు వరసలో నిలబడ్డాడు. గంగాలు ఠీవిగా పడవెక్కి కూర్చుంది.

కాళ్ళ దగ్గర చల్లగా తగిలింది. చూస్తే ఒక సందులోంచి నీళ్ళు. ఇంకో సందులోంచి నీళ్ళు. ఇంకాసేపటికి గంగాలు కూర్చున్న చోటే చిన్న చెరువైంది.

"పడవ చేస్తోంది అనుకున్నాను, జల్లెడ చేసింది" అంది సింహాద్రి కొమ్మ మీంచి. అందరూ పడీ పడీ నవ్వారు.

గంగాలుకి ఆ నవ్వు కంటే ఇంకోటి ఎక్కువ బాధ పెట్టింది. గవరయ్య నవ్వలేదు. ఆయన చెవులు రెండూ మెల్లగా వాలిపోయాయి. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పెళ్ళి ఎల్లుండి.

పడవని ముంచితే రేపంతా వీళ్ళు ఇలాగే నవ్వుతారు. రేపంతా గవరయ్య చెవులు అలాగే వేలాడతాయి. అది తలుచుకోగానే గంగాలుకి ఒళ్ళు మండింది. పడవని మళ్ళీ గట్టెక్కించింది. చెక్క సుత్తి తీసింది. ఉన్న పీచంతా తెచ్చి సందుల్లో పెట్టి టకాటకా దిగగొట్టింది. పట్టినంతా కూరింది. పట్టకపోయినా కూరింది. పైన మందంగా గుగ్గిలం మెత్తింది.

పొద్దు వాలేలోపు పడవ మళ్ళీ ఏట్లో దిగింది. ఈసారి చుక్క నీరు రాలేదు. గట్టు మీద ఒకటే కేకలు, ఈలలు. గవరయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. గంగాలు పడవ మీద గెంతులేసింది. దాన్ని అలాగే ఏట్లో ఒక మడ వేరుకి కట్టేసి, హాయిగా నిద్రపోయింది.

తెల్లవారింది. ఏటి వైపు నుంచి టప్పున ఒక చప్పుడు వచ్చింది. కాసేపటికి టప్పున ఇంకొకటి. గంగాలు పరిగెత్తింది.

రాత్రంతా చెక్కలు నీళ్ళు తాగి ఉబ్బాయి. ఉబ్బితే వాటికి చోటేదీ? సందుల నిండా రాయిలా పీచు. ఎటూ జరగలేక ఒక చెక్క బయటికి పొంగిపోయింది. మేకులు లేచిపోయాయి. పడవకి పక్కటెముకలా లోపల వేసిన వంపు కర్ర నిలువునా పగిలి ఉంది.

గంగాలు పగిలిన కర్ర పక్కన కూలబడింది. నూకాలు మామ్మ అప్పటికే అక్కడికి చేరి చూస్తోంది.

"తిట్టు మామ్మా" అంది గంగాలు.

"తిడితే కర్ర అతుక్కుంటుందా? కూరిందంతా ముందు లాగెయ్. మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చోకు, రేపు పెళ్ళి" అంది మామ్మ.

గంగాలు పళ్ళతో, గోళ్ళతో పీచంతా లాగేసింది. మేకులు మళ్ళీ దిగగొట్టింది. పగిలిన కర్రకి పక్కన ఇంకో కర్ర పెట్టి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు కొబ్బరి తాడుతో చుట్టింది. కొత్త పీచు వేలితో, వేలితో మాత్రమే, నొక్కింది. గుగ్గిలం పల్చగా పూసింది. అప్పుడు ఒక్కొక్క రాయీ తెచ్చి పడవలో వేయడం మొదలుపెట్టింది.

"అయ్యో అయ్యో, పిల్లకి మతి పోయింది. తన పడవని తనే ముంచుకుంటోంది" అని సింహాద్రి అడవంతా చాటింది. మళ్ళీ గట్టు నిండింది. మళ్ళీ నవ్వులు. గంగాలు చెవులు నవ్వుల వైపు ఉన్నా చేతులు రాళ్ళ వైపే ఉన్నాయి. చివరి రాయి వేసేసరికి పడవ అంచు బుడబుడమంటూ నీళ్ళ కిందికి వెళ్ళిపోయింది. గంగాలుకి గుండె కూడా దాంతోపాటే మునిగినట్టనిపించింది. అయినా పైకి తీయలేదు.

మర్నాడు పొద్దున్నే మేళతాళాలతో పెళ్ళివారు రేవుకి దిగారు. కప్పల డోళ్ళు, కీచురాళ్ళ సన్నాయి, ముందు సారె గంపలు, మధ్యలో సిగ్గుపడుతూ బొండుమల్లి.

"అమ్మాయ్ గంగాలూ, పడవేదీ?" అన్నాడు గవరయ్య.

"నీళ్ళలో ఉంది బాబాయ్."

"పడవలు నీళ్ళలోనే ఉంటాయి. కనపడదేం?"

"నీళ్ళ కింద ఉంది."

మేళం ఆగిపోయింది. గవరయ్య మొహం పాలిపోయింది. "పోటు ఇంకాసేపే ఉంటుంది. పాటు మొదలైతే ఏరు సముద్రంలోకి లాగేస్తుంది. ముహూర్తం తప్పిపోతుందమ్మా" అన్నాడు.

సింహాద్రి ఇందుకోసమే కాచుకుని ఉంది. అరటి బోదెలతో కట్టిన తెప్ప ఒకటి తోసుకొచ్చింది. "రండి గవరయ్యగారూ, నేను దాటిస్తాను. ఈ గెడకర్రతో ఏటి అడుగున పొడుచుకుంటూ పోతే అవతలి గట్టే."

కుందేళ్ళు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. "పిల్లి పక్కన కూర్చుని ప్రయాణమా?" అంది ఒక ముసలి కుందేలు.

"నేను చేపలు తప్ప ఇంకేం ముట్టను" అంది సింహాద్రి నొచ్చుకుంటూ.

"ఆకలేస్తే?" అంది ముసలి కుందేలు.

గవరయ్య ఎటూ తేల్చుకోలేక, ముందు సారె గంపలు తెప్ప మీద ఎక్కించాడు. కూతురి చెయ్యి పట్టుకుని తనూ ఎక్కబోయాడు. బొండుమల్లి కదల్లేదు.

"నేను గంగాలు పడవలోనే వస్తాను నాన్నా."

"అది మునిగిపోయిందమ్మా."

"అది ముంచింది నాన్నా. ఎందుకో దానికి తెలుసు" అని బొండుమల్లి గట్టు మీద కూలబడింది.

గంగాలు ఇక వినలేదు. నీళ్ళలోకి దూకింది. ఒక్కో రాయీ బయటికి విసిరింది. మెల్లగా, మెల్లగా పడవ వీపు ఎత్తింది, అంచు కనపడింది. కుందేళ్ళన్నీ కొబ్బరి చిప్పలు పట్టుకుని నీళ్ళు తోడసాగాయి. ఆగిపోయిన డోలు ఆ తోడుడికి సరిగ్గా మళ్ళీ మోగింది. తోడుతున్నారు, తోడుతున్నారు. అడుగు కనపడింది. గంగాలు ఆఖరి తడి తుడిచేసి, సందుల మీద అరచెయ్యి ఆనించింది. అందరూ అంచు మీంచి వంగి చూశారు.

చెయ్యి పొడిగానే ఉంది.

"ఎక్కండి" అంది గంగాలు.

అందరూ బిలబిలా ఎక్కేశారు. తెప్ప అప్పటికే ముందు బయల్దేరిపోయింది. గంగాలు చాప ఎత్తింది. సముద్రపు గాలి అప్పుడే లేస్తోంది. గోనె అతుకుల చాప ఒక్కసారి బుస్సుమని పొంగింది. పడవ ముందుకి ఉరికింది. కుందేళ్ళ చెవులన్నీ గాలికి వెనక్కి పడ్డాయి. గవరయ్య ఒక చేత్తో తలపాగా, ఇంకో చేత్తో కూతుర్ని పట్టుకున్నాడు.

ఏరు సగం దాటేసరికి ఎవరో అరుస్తున్నారు. సింహాద్రి. నడి ఏట్లో గెడకి అడుగు అందలేదు. పాటు మొదలైంది. తెప్ప గిరగిరా తిరుగుతూ సముద్రం వైపు పోతోంది. సారె గంపలు కౌగిలించుకుని సింహాద్రి మధ్యలో కూర్చుంది.

"ముహూర్తం" అన్నాడు గవరయ్య మెల్లగా.

"ప్రాణం బాబాయ్" అని గంగాలు చుక్కాని తిప్పేసింది.

పడవ ఒక పక్కకి ఒరిగింది. అంచు నీళ్ళని రాసుకుంటూ పోయింది. తెప్ప దగ్గరికి రాగానే గంగాలు తాడు విసిరింది. మొదటిసారి అందలేదు. రెండోసారి వేళ్ళకి తగిలి జారిపోయింది. మూడోసారి సింహాద్రి దాన్ని పళ్ళతో పట్టుకుంది. గంపలతో సహా పడవలోకి దూకింది. బరువుకి పడవ ఇంకో బెత్తెడు దిగింది. చెక్కలు కిర్రుమన్నాయి. సింహాద్రి భయంగా అడుగంతా తడిమి చూసింది.

"ఒక్క చుక్క కూడా రావడం లేదే" అంది.

"దాని దాహం తీరిపోయింది బావా. గంప పక్కకి జరుపు, తాడు తొక్కుతున్నావు" అంది గంగాలు.

ఏరు కిందికి లాగుతోంది. గాలి పైకి నెడుతోంది. కాసేపు పడవ ఉన్నచోటే ఉన్నట్టనిపించింది. కుందేళ్ళన్నీ కూడబలుక్కున్నట్టు గాలి వైపు అంచుకి జరిగాయి. పడవ సర్దుకుంది. ఒక్కో కెరటం ఎక్కుతూ దిగుతూ లంక వైపు పాకింది. అవతలి గట్టు మీద మగపెళ్ళివారి మేళం వినపడింది. తరవాత మామిడాకుల పందిరి కనపడింది. తరవాత, పందిట్లో అటూ ఇటూ పచార్లు చేస్తున్న పెళ్ళికొడుకు కనపడ్డాడు.

పడవ ముక్కు ఇసకని తాకింది. బొండుమల్లి దిగింది. అత్తగారు ఎదురొచ్చి, వంగి కోడలి పాదాలు చూసింది.

"ఏరు దాటి వచ్చిన పిల్ల పాదాలు ఇవేనా? పారాణికి తడైనా తగల్లేదే" అని అందరికీ చూపించింది.

ముహూర్తానికి ఇంకా కాస్త సమయం ఉంది. గవరయ్య చెవులు రెండూ నిటారుగా నిలబెట్టి, గంగాలు చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకెళ్ళి, ఆడపెళ్ళివారి పీటల్లో మొదటి పీట మీద కూర్చోబెట్టాడు. పుస్తె కట్టే దాకా గంగాలు ఆ పీట మీంచి కదల్లేదు.

నీతి: నలుగురూ నవ్వుతున్నారని పనిని తొందరపెడితే చేసిన కష్టమంతా పగిలిపోతుంది; పనికి కావలసిన సమయం దానికి ఇచ్చి, నవ్వులకి ఓర్చుకుంటే అది మనల్ని క్షేమంగా దాటిస్తుంది.